శ్రీలంక కొండల్లో ఆరు రోజులు: క్యాండీ నుంచి ఎల్ల దాకా

ఫిబ్రవరిలో మేం అయిదుగురు ఫ్రెండ్స్ కలిసి శ్రీలంక కొండల వైపు వెళ్ళొచ్చాం. క్యాండీలో ఒక రాత్రి, నువరఎలియలో రెండు, హపుతలెలో ఒకటి, ఎల్లలో ఒకటి, ఆ తర్వాత కిందికి వెల్లవాయ. అక్కడ కూడా మనలాగే ఎడమ పక్క డ్రైవింగే కదా, మనమే కారు తీసుకుని నడుపుకుందాం అనుకున్నాం, కానీ ఇంటర్నేషనల్ పర్మిట్ ఉన్నా అక్కడి ఆఫీసులో మళ్ళీ ఆమోదం తెచ్చుకోవాలని తెలిసి డ్రైవర్‌తో వ్యాన్ మాట్లాడుకున్నాం. ఈ ట్రిప్‌లో మేం తీసుకున్న మంచి నిర్ణయం ఇదే. ఆ ఘాట్ మలుపుల్లో ఎదురుగా బస్సు వస్తే రోడ్డు అలవాటైన చెయ్యే కావాలి. డ్రైవర్‌ని అందరం అయ్యా అనే పిలిచాం, సింహళంలో అయ్యా అంటే అన్న, అక్క అంటే అక్కే, ఆ రెండు మాటలతోనే సగం మొహమాటం పోయింది.

క్యాండీలో దళద మాలిగావ, అంటే బుద్ధుడి దంతం ఉన్న గుడి, అక్కడి సాయంత్రం పూజకి వెళ్ళండి. షార్ట్స్, స్లీవ్‌లెస్ వేసుకుంటే లోపలికి పంపరు. బుద్ధుడి దంతం కనపడదు, అది పేటికలో ఉంటుంది, కానీ ఆ డప్పుల మోత, చేతుల్లో తామరపూలతో తెల్లబట్టల్లో నిలబడ్డ జనం, అదంతా చూస్తే చాలు. గుడి ముందున్న చెరువు 1807లో తవ్వించిన శ్రీవిక్రమ రాజసింహ క్యాండీ ఆఖరి రాజు, మధురై నాయకుల వంశం, అంటే తెలుగు మూలాలున్నవాడు. 1815లో బ్రిటిష్ వాళ్ళు పట్టుకుని వెల్లూరు పంపేస్తే అక్కడే 1832లో చనిపోయాడు. చెరువు గట్టు మీద కూర్చుని ఇది చదువుకుంటుంటే మనసు బరువెక్కింది నాకు.

క్యాండీ నుంచి నువరఎలియ రోడ్డుకి మాత్రం పగలంతా కేటాయించండి. రంబొడ జలపాతాలు, కొండ మీద హనుమంతుడి గుడి, రెండూ దారిలోనే. టీ ఫ్యాక్టరీలు కూడా దారి పొడుగునా ఉన్నాయి, ఒకటి చూస్తే చాలు. మేం చూసినచోట పొడుగాటి తొట్టెల్లో ఆకు పరిచి కింద నుంచి ఫ్యాన్ల గాలి పెట్టి వాడబెడుతున్నారు, అక్కడ పచ్చి గడ్డి వాసన, నాలుగడుగులు వేసి ఆకు నలిపే మెషీన్ దగ్గరికి వెళ్తే మాగిన పండు వాసన. 1869లో కాఫీ తోటలకి తెగులు తగిలి ఆ తర్వాత టీ ఊపందుకుందట, అంతకు రెండేళ్ళ ముందే క్యాండీ దగ్గర లూలెకొండెరలో జేమ్స్ టేలర్ అనే స్కాట్లాండ్ ఆయన టీ తోట వేసి ఉన్నాడు.

నువరఎలియలో మా స్టే బాగోలేదు. పాతకాలం బంగ్లా, ఫోటోల్లో ఎంతో బాగుంది, తీరా వెళ్తే దుప్పట్లు చెమ్మ వాసన, గీజర్ ఒక బకెట్ తర్వాత చల్లబడిపోయింది, రూమ్ హీటర్‌కి విడిగా డబ్బులు అడిగారు. 1868 మీటర్ల ఎత్తు, రాత్రి నిజంగానే వణికిస్తుంది, అందుకే బుక్ చేసేముందు వేడినీళ్ళు, హీటర్ గురించి మెసేజ్ పెట్టి అడగండి. ఊరి నుంచి కొంచెం ముందుకెళ్తే సీతాఎలియలో సీతమ్మ గుడి ఉంది, చిన్న గుడి, పక్కన వాగు, వాగులో రాతి మీద గుంటల్ని హనుమంతుడి పాదాలంటారు. అరగంట చాలు, కానీ వదలొద్దు.

హార్టన్ ప్లెయిన్స్ నేషనల్ పార్క్‌కి తెల్లవారుజామునే బయల్దేరాలి. విదేశీయులకి టికెట్ ఎక్కువే, గ్రూపుకి బండి చార్జీ అదనం. గేటు దగ్గర బ్యాగులు విప్పించి ప్లాస్టిక్ కవర్లు తీయించేశారు, వాటర్ బాటిళ్ళ మీద లేబుళ్ళు కూడా చింపేసి ఇచ్చారు, లోపల తొమ్మిది కిలోమీటర్ల నడకలో ఒక్క కాగితం కనపడలేదంటే అందుకే. వరల్డ్స్ ఎండ్ దగ్గర నేల తెగిపోయి 800 మీటర్లకి పైగా లోయ. మేం ఎనిమిదిన్నరకి చేరాం, లోయ అడుగున ఊళ్ళు కూడా కనిపించాయి, పావుగంటలో మంచు కమ్మేసింది, మా వెనకాల వచ్చినవాళ్ళకి తెల్లటి గోడ తప్ప ఏమీ లేదు.

హపుతలె నాకు అన్నిటికంటే నచ్చింది. రెండు రాత్రులు ఇక్కడ ఉండి నువరఎలియకి ఒకటే ఇవ్వాల్సింది. తమిళం మాట్లాడే కుటుంబం నడిపే చిన్న గెస్ట్‌హౌస్, మూడు గదులే, శుభ్రంగా ఉన్నాయి, పొద్దున్నే ఇడియాప్పం, పప్పు, కొబ్బరి పచ్చడి. వెజిటేరియన్లకి ఒక మాట, వాళ్ళ కొబ్బరి పచ్చడి, అదే పోల్ సంబోల్‌లో ఎండు చేప పొడి కలుపుతారు, ముందే చెప్తే లేకుండా చేసిస్తారు. మాలో ఒకడు శాకాహారి, ఆ అక్క వాడికోసం విడిగా రోట్లో నూరి పెట్టింది. కొండ మీది లిప్టన్ సీట్ వ్యూపాయింట్‌కి సూర్యోదయానికి ఆటోలో వెళ్ళాం, దిగేటప్పుడు నడిచాం, అప్పుడే తలకి తాడేసి వీపున బుట్టలు వేలాడదీసుకుని తోటల్లోకి ఎక్కుతున్న ఆడవాళ్ళు ఎదురయ్యారు. ఫోటో తీసేముందు అడగండి, వాళ్ళు పనికి వెళ్తున్నారు.

క్యాండీ నుంచి ఎల్లకి రిజర్వ్డ్ ట్రైన్ టికెట్లు మాకు దొరకలేదు, దానికి బాధపడక్కర్లేదు. హపుతలె స్టేషన్‌లో అప్పటికప్పుడు థర్డ్ క్లాస్ టికెట్ కొని ఎల్ల దాకా ఎక్కేశాం, సామాను వ్యాన్‌లో వచ్చింది.

ఎల్ల అందమైన ఊరే, కానీ మెయిన్ రోడ్డంతా కెఫేలు, పాటల హోరు. 1921 నాటి తొమ్మిది కమానుల వంతెన మాత్రం పొద్దున్నే చూడండి, రాయి, ఇటుక, సిమెంటుతో కట్టింది, ఇనుము వాడలేదంటారు. పది దాటితే నిలబడడానికి చోటుండదు.

చివరి రోజు వెల్లవాయ రోడ్డు మీద రావణ జలపాతం దగ్గర ఆగి ఉడకబెట్టిన మొక్కజొన్న పొత్తులు తిన్నాం, అయ్యా ఒక కన్ను కోతుల మీదే పెట్టి మా బ్యాగులు కాపలా కాశాడు. ఆరు రోజులూ తెరిచే ఉన్న వ్యాన్ అద్దాలు వెల్లవాయ దగ్గర ఎక్కించి ఏసీ వేశాడు.