హాలీవుడ్‌పై హాలీవుడ్ చురకలు: ముందు చూడాల్సింది ‘ద ప్లేయరా’, ‘బోఫింగరా’?

రెండూ సినిమావాళ్లు సినిమారంగాన్నే ఏకిపారేసిన కామెడీలు. ‘ద ప్లేయర్’ (1992)లో దర్శకుడు రాబర్ట్ ఆల్ట్‌మన్ తొలి షాట్‌ని దాదాపు 8 నిమిషాలు కట్ లేకుండా నడిపాడు. కెమెరా స్టూడియో ఆవరణంతా తిరుగుతూ కిటికీలోంచి తొంగిచూస్తే, లోపల రచయితలు రెండు ముక్కల్లో కథ అమ్ముకుంటుంటారు. అద్భుతం! కాకపోతే అతిథి పాత్రల్లోనే దాదాపు 60 మంది ప్రముఖులు. ముఖాలు గుర్తుపట్టకపోతే సగం చురకలు అందవు.

స్టీవ్ మార్టిన్ రాసి, నటించిన ‘బోఫింగర్’ (1999)కి ఆ చిక్కు లేదు. కథలో నిర్మాత చేతిలో ఉన్నది 2,184 డాలర్లు. హీరో ఒప్పుకోడు, అందుకే అతనికి తెలియకుండానే షూటింగ్. పార్కింగ్‌లో వెంటాడే అడుగుల చప్పుడు కావాలి. కుక్క కాళ్లకు హైహీల్స్ తొడిగి నడిపిస్తారు. చేతిలో డబ్బుల్లేకుండా షార్ట్‌ఫిల్మ్ తీసినవాళ్లకు ఆ ఒక్క సీను చాలు. ముందు ఇదే చూడండి.