క్రౌజ్ కేటలాగ్: ధరల కోసం కొన్నాను, బొమ్మల సైజు కోసం ఉంచుకున్నాను

ముందే చెప్పేస్తున్నాను, ఇది ఒక్క విషయం మీద ఇష్టంతో రాస్తున్న సమీక్ష. ఈ లావుపాటి పుస్తకంలో నాణేల బొమ్మలు అసలు సైజులో ఉంటాయి. నాకు మిగతావన్నీ దాని తర్వాతే.

ప్రపంచ నాణేల బొమ్మలు, ధరలు వరసగా ఇచ్చే స్టాండర్డ్ కేటలాగ్ ఆఫ్ వరల్డ్ కాయిన్స్ అంటే తెలియనివాళ్లు నాణేలు పోగుచేసే ఈ సరదాలో ఉండరు. వేసిన సంస్థ పేరుతో మనవాళ్లు క్రౌజ్ అంటారు. ఒక్కో రకానికి ఇచ్చే కె.ఎం. నంబరు ఏమిటి, శతాబ్దానికొక సంపుటి ఎందుకు, గ్రేడుకొక ధర, అంటే నాణెం ఎంత అరిగిందన్నదాన్ని బట్టి ధర, ఎలా వేస్తారు, ఇవన్నీ వదిలేస్తున్నాను. నా దగ్గరున్నవి 1701–1800, 1901–2000 సంపుటాలు. రెండూ సెకండ్ హ్యాండే, రెండూ పాత ఎడిషన్లే. ఒకటి హైదరాబాద్ నుంచి తెప్పించుకున్నది, ఇంకొకటి విశాఖలో ఒకాయన ఈ సరదా మానుకుని ఇల్లు ఖాళీ చేస్తుంటే కొన్నది. ధరలు చూసుకుందామనే కొన్నాను. ఇప్పుడా గళ్లవైపు చూపే పోదు. డాలర్లలో వేసిన పాత ధరకీ, మన విజయనగరంలో అమ్మేవాడు అడిగే ధరకీ సంబంధం వెతకడం అనవసరం.

నా ఎడిషన్ ముందుమాటలో చిన్న అక్షరాల్లో ఒక మాట ఉంది. 60 మిల్లీమీటర్ల దాకా ఉన్న నాణేలన్నిటినీ అసలు సైజులోనే వేశామని, 25 లోపు వాటికైతే అర మిల్లీమీటరు వరకు కొలత సరిచూశామని. దీని విలువ తెలియాలంటే మనవైపు దొరికే రాగి నాణేలు చూడాలి. పాత ఇత్తడి సామాన్ల కొట్లలోంచి, అమ్మమ్మల భోషాణాల్లోంచి బయటపడేవి కదా, దొరికేటప్పటికే సగం అరిగి ఉంటాయి. మిగిలినదాన్ని ఇంట్లోవాళ్లు శుభ్రం చేసి ఇద్దామని చింతపండు పెట్టి తోమేస్తారు. తోమొద్దు తల్లీ అని ఎంత మొత్తుకున్నా వినరు. అక్షరాలు పోతాయి, సంవత్సరం పోతుంది. చేతికొచ్చేది నున్నటి రాగి బిళ్ల, దాని మీద సింహం తోకో, కిరీటం అంచో. దాన్ని పేజీ మీద పెట్టి, ఒక్కో బొమ్మ మీదికి జరుపుకుంటూ పోతే ఎక్కడో ఒకచోట అంచుకి అంచు అతికినట్టు సరిపోతుంది. తోక ఉండాల్సిన చోట తోక ఉంటుంది.

ఫోన్‌లో ఈ పని జరగదు. నుమిస్టా లాంటి సైట్లు మంచివే, ఉచితమే, ఫొటోలు రంగుల్లో ఉంటాయి. కానీ తెర మీద అన్ని నాణేలూ ఒకటే సైజు. దమ్మిడీ కూడా అప్పడమంత కనిపిస్తుంది.

ఒక ఉదాహరణ చెప్తాను, మన ప్రాంతానిదే. ఈస్టిండియా కంపెనీ ఉత్తర సర్కారుల కోసం బర్మింగ్‌హామ్‌లోని సోహో టంకశాలలో రాగి నాణేలు కొట్టించింది. 1794, 1797 తేదీలతో ఉంటాయి. ఒకవైపు సింహాలు కాపు కాసే కంపెనీ రాజముద్ర, రెండోవైపు సరుకు మూటల మీద వేసే కంపెనీ గుర్తు. '48 టు వన్ రూపీ' అని ఇంగ్లీషులో ఉంటే అలాంటివి 48 కలిసి ఒక రూపాయి. '96 టు వన్ రూపీ' అని ఉంటే అందులో సగం. రెండింటి మీదా బొమ్మ ఒకటే. ఆ ఒక్క వరస అరిగిపోయిందంటే ఏది ఏదో చెప్పడానికి సైజు, బరువు తప్ప ఇంకేమీ మిగలదు. పైగా నాణెం మీద ఏ ఊరి పేరూ ఉండదు. ఇది శ్రీకాకుళం, విజయనగరం వైపు చెలామణి కోసం వచ్చిందని నాణెం చెప్పదు, పుస్తకం చెప్పాలి. అందులోనూ 1794. పద్మనాభ యుద్ధం జరిగి విజయరామరాజు చనిపోయింది ఆ ఏడాది జులైలోనే. ఆ తేదీ ఉన్న కంపెనీ రాగి చేతిలో పెట్టుకుంటే విజయనగరం వాడికి అదొక రకంగా ఉంటుంది.

ఇప్పుడు అసలు కథకి వస్తాను.

పైడితల్లి జాతర రోజుల్లో కోట దగ్గర రోడ్డు పక్కన గుడ్డ పరిచి పాత నాణేలు అమ్మేవాళ్లు ఒకరిద్దరు కనబడతారు. ఒక ఏడు సిరిమాను చూడ్డానికి శ్రీకాకుళం నుంచి మా బావ వచ్చాడు. ఆయనకి కంపెనీ రాగి అంటే పిచ్చి. సిరిమాను తిరగడానికి ఇంకా టైముందని అలా నడుస్తుంటే, ఒక అమ్మకందారు దగ్గర ఈ 48 నాణెమే కనబడింది. 1794 చక్కగా చదవగలిగేలా ఉంది. అతని దగ్గర ప్లాస్టిక్ కవర్లో జిరాక్స్ కాయితాల కట్ట కూడా ఉంది, క్రౌజ్ పేజీలే. చకచకా పేజీ తీసి నాణేన్ని బొమ్మ మీద పెట్టాడు. చుట్టూ అంచు బయటికి వచ్చింది.

"చూడు బాబూ, పుస్తకంలో బొమ్మ కంటే మనది పెద్దది. ఇది కేటలాగుకెక్కని రకం. ప్యాటర్న్ అయ్యుంటాది" అన్నాడు. ప్యాటర్న్ అంటే చెలామణికి కొట్టేముందు నమూనాగా కొట్టి చూసుకున్నది. అడిగిన ధర కూడా ఆ మాటకి తగ్గట్టే ఉంది. బావ నన్ను పక్కకి లాగి, "ఏటి చెయ్యమంటావు బావా? ఇప్పుడు వదిలేస్తే మళ్లీ దొరకదు" అన్నాడు. అప్పటికే చెయ్యి జేబులో ఉంది.

నాకు నమ్మబుద్ధి కాలేదు. సోహోలో నాణేలు చేత్తో సుత్తి దెబ్బ కొట్టి చేసినవి కావు. ఆ టంకశాల యజమాని మాథ్యూ బోల్టన్ ఆవిరి యంత్రాలు పెట్టి, బిళ్ల చుట్టూ ఉక్కు కట్టు వేసి కొట్టించినవి. అలా కొట్టిన నాణెం వెడల్పులో రెండు మిల్లీమీటర్లు పెరగడమంటే మామూలు సంగతి కాదు. అలాగని ప్యాటర్న్ కానే కాదని అక్కడ నిలబడి వాదించడానికీ నా దగ్గర ఆధారం లేదు. నా పుస్తకం ఇంట్లో ఉంది, రెండు చేతులతో మోయాల్సిన బరువు, జాతరకి తెచ్చేది కాదు.

అతని కట్టలో 20వ శతాబ్దం పేజీలు కూడా ఉన్నాయి. గుడ్డ మీద చిల్లుకాణీలు గుట్టగా ఉన్నాయి. యుద్ధకాలంలో రాగి ఆదా చేయడానికి మధ్యలో చిల్లు పెట్టి 1943 నుంచి 1947 దాకా కొట్టినవి, 21 మిల్లీమీటర్ల చిల్లర. వాటిలో ఒకటి తీసి దాని బొమ్మ మీదే పెట్టాను. అదీ బొమ్మ కంటే పెద్దగా ఉంది. ఇంకో ఏడాదిది పెట్టాను, అంతే. జార్జి రాజు కాణీ పెట్టాను, అదీ అంతే. అన్ని చిల్లుకాణీలూ ప్యాటర్న్‌లు కావు కదా.

అతను మోసగాడు కాదని చెప్పాలి. ఆ కాయితాలని అటూ ఇటూ తిప్పి చూసుకుని, ఎక్కడో జిరాక్స్ కొట్టులో తీయించానని, అంచులు తెగకుండా రావాలని తనే చెప్పానని అన్నాడు. పేజీ వెడల్పు ఇంచుమించు ఏ4 కాయితమంత, మిషన్ చుట్టూ కాస్త ఖాళీ వదులుతుంది కాబట్టి ఆ కుర్రాడు తగ్గించి కొట్టాడు. తర్వాత ఒక పేజీ అడిగి తెచ్చుకుని ఇంట్లో నా పుస్తకం పక్కన పెట్టి కొలిస్తే 93 శాతం తేలింది. 31 మిల్లీమీటర్ల నాణెం అలా 29కి దిగిపోతుంది. ధర కూడా అక్కడికక్కడే దిగింది. బావ మామూలు రేటుకి కొన్నాడు, ప్యాటర్న్ కాకపోయినా 1794 కదా అని.

అప్పటినుంచి జిరాక్స్ తీయించాల్సి వస్తే ఒక పద్ధతి పెట్టుకున్నాను. పేజీతోపాటు అద్దం మీద ఒక పది రూపాయల బిళ్ల కూడా పెట్టిస్తాను. 27 మిల్లీమీటర్లు. వచ్చిన కాయితం మీద అదే బిళ్ల పెట్టి చూస్తే మిషన్ ఏం చేసిందో తెలిసిపోతుంది. (మనవైపు కొట్లలో పది బిళ్ల తీసుకోవడానికి ఇప్పటికీ మొహం చిట్లించేవాళ్లున్నారు. ఈ పనికైనా పనికొస్తోంది.) పీడీఎఫ్ ప్రింట్ తీయించినా ఇదే జాగ్రత్త, పేజీకి సరిపెట్టే సెట్టింగు తీసేసి అసలు సైజు పెట్టమనాలి.

ఇంత పొగిడాక కొన్ని చెప్పకపోతే తప్పు. బొమ్మకి సరిపోయిందంటే రకం తెలిసినట్టే, అసలుదో నకిలీదో తెలిసినట్టు కాదు. అచ్చుపోసిన నకిలీ కూడా బొమ్మ మీద బాగానే కూర్చుంటుంది. మందం బొమ్మలో కనపడదు. నా సంపుటాల్లో బొమ్మలు నలుపు తెలుపువి, రాగో ఇత్తడో వాటిని చూసి చెప్పలేం. ఇక చేత్తో కొట్టిన పాత డబ్బుల దగ్గర, అంటే మచిలీపట్నం వైపు నుంచి వచ్చే లావుపాటి రాగి ముక్కల దగ్గర, నేను చెప్పిన సుఖమేదీ ఉండదు. అచ్చు పెద్దది, రాగి ముక్క చిన్నది. ఒక్కో దాని మీద అక్షరాల్లో ఒక్కో ముక్క పడుతుంది, ఏ రెండూ ఒక ఆకారంలో ఉండవు. వాటికి బరువే ఆధారం. కంసాలి దగ్గర ఉండే చిన్న ఎలక్ట్రానిక్ కాటా పుస్తకం కంటే ఎక్కువ పని చేస్తుంది.

మా అబ్బాయి ఇంకో మాటన్నాడు. సైట్లో వెడల్పు మిల్లీమీటర్లలో ఇస్తున్నారు, డిజిటల్ వెర్నియర్ కాలిపర్ ఒకటి కొంటే ఈ పుస్తకంతో పనేముంది అని. పని జరుగుతుంది, నిజమే. కాలిపర్ నేనూ వాడుతున్నాను. కానీ ముందు అది ఏ నాణెమో తెలిస్తేగా ఆ పేజీలో ఇచ్చిన కొలతతో పోల్చుకునేది. ఏమీ తెలియని బిళ్లని పట్టుకుని ఒక పేజీలో ఉన్న పదిహేను బొమ్మల మీద జరిపి చూడటం కాలిపర్‌తో కుదరదు. అయితే వాడికి ఓపిక లేదు, నాకు తీరిక ఉంది, తేడా అంతా అక్కడే ఉందేమో.

మన జిల్లాలవాళ్లకి ఈ పుస్తకంతో ఇంకో చిక్కుంది. ఈ వరస 1601 దగ్గర మొదలవుతుంది. శ్రీముఖలింగంలో నిలబడి అంతకు ముందు కళింగని ఏలిన గాంగుల నాణెం గురించి అడిగితే ఇది ఒక్క ముక్క చెప్పదు. పడుకున్న నంది ఉండే ఫణాలనే ఆ చిన్న బంగారు నాణేల మీద రెండోవైపు రాజ్యం చేసిన ఏడాది అంకె ఉంటుంది. రాజు పాలించిన ఏళ్లని లెక్కపెట్టే గాంగుల అంక లెక్కలో 1 ఉండదు, 6 ఉండదు, ఆ తర్వాత 6తో ముగిసేవి, 10 తప్ప సున్నాతో ముగిసేవి వదిలేస్తారు. ఆ లెక్కన 15వ అంకం అంటే నిజానికి 13వ ఏడు. ఇలాంటివి తెలియాలంటే వేరే పుస్తకాలు కావాలి. దక్షిణాది నాణేల మీద వాల్టర్ ఇలియట్ 1886లో వేసిన పుస్తకం నెట్‌లో ఉచితంగా దొరుకుతుంది. ఆయన ఉత్తర సర్కారులకి కమిషనర్‌గా పనిచేసిన మనిషే. చాలా విషయాలు పాతబడిపోయాయి, అయినా నా అరలో క్రౌజ్ పక్కన ఆ ప్రింటు ఉంది. స్కాన్‌లో కొలత నమ్మలేం కాబట్టి దాని బొమ్మల మీద మాత్రం నాణెం పెట్టను.

కొనాలా వద్దా అంటే, స్వాతంత్ర్యం తర్వాతి చిల్లర మాత్రమే ఏరుకునేవాళ్లకి, ఏ టంకశాల గుర్తు, హైదరాబాద్ నక్షత్రమా నోయిడా చుక్కా అని చూసుకునేవాళ్లకి ఫోన్ చాలు. ఆ నాణేల మీద అక్షరాలు బాగానే ఉంటాయి, బొమ్మతో కొలిచే అవసరం రాదు. అద్దె ఇల్లు మారుతుండేవాళ్లకీ నేను చెప్పను, బరువు. నాకు సొంత ఇల్లు, కిటికీ పక్క పెద్ద బల్ల, చత్వారం, మధ్యాహ్నాలు ఖాళీ. నాకు కుదిరింది. ఇప్పుడు 1801–1900 సంపుటి కోసం వెతుకుతున్నాను. ఎన్నేళ్ల పాత ఎడిషనైనా ఫర్వాలేదు, అట్ట ఊడినా ఫర్వాలేదు, జిరాక్స్ మాత్రం వద్దు.