కనుగుడ్డు దీపాల ఊళ్లో రెండు రోజులు

జపాన్‌లోని యొనాగో స్టేషన్లో, సకాయిమినాతో అనే రేవు ఊరికి వెళ్లే రైలు సున్నా నంబరు ప్లాట్‌ఫారం మీద ఆగుతుంది. జపనీస్‌లో సున్నాని 'రెయి' అంటారు, ఆత్మని కూడా 'రెయి' అనే అంటారు. అందుకని ఆ ప్లాట్‌ఫారానికి సున్నాకి బదులు ఆత్మ అన్న అక్షరంతో ముద్దుపేరు పెట్టారు. రైలు పెట్టెల మీద దెయ్యాల బొమ్మలు. దారిలో ఉన్న 16 స్టేషన్లకీ అసలు పేరు కాక ఒక్కో దెయ్యం పేరు. మా ఆవిడ బోర్డులన్నీ చూసి, "ఏమండీ, లాంగ్ వీకెండ్‌కి అందరూ క్యోటో వెళ్తారు, మనం శ్మశానానికా?" అంది.

అంతా మిజుకి షిగేరు చలవ. 1922లో ఒసాకాలో పుట్టి, తొత్తోరి జిల్లాలోని ఈ రేవు ఊళ్లో పెరిగిన మాంగా (జపాన్ బొమ్మల కథలు) చిత్రకారుడు. కితారో అనే దెయ్యప్పిల్లాడి కథలతో జపాన్‌లో ఇంటింటికీ తెలిసినవాడు. నేను ఒసాకాలో ఉద్యోగానికి వచ్చాక భాష నేర్చుకోడానికి పిల్లల మాంగా చదువుతూ ఆయన దగ్గర ఆగిపోయాను. కితారో వాళ్ల నాన్న ఒంట్లో మిగిలింది ఒక కనుగుడ్డే. దానికి చేతులూ కాళ్లూ మొలిచి, కొడుకు జుట్టులో కూచుని సలహాలిస్తూ ఉంటుంది. విక్రమార్కుడి భుజమ్మీద బేతాళుణ్ని చూస్తూ పెరిగినవాడికి ఇది కొత్తగా అనిపించదు.

ఒసాకా నుంచి ఒకయామా దాకా షింకాన్సెన్‌లో, అంటే బుల్లెట్ రైల్లో, ముప్పావుగంట. అక్కడ యకుమో ఎక్స్‌ప్రెస్‌లోకి మారితే కొండల మధ్యగా రెండు గంటల పైచిలుకు ప్రయాణం. యకుమోకి ఒకప్పుడు కడుపులో తిప్పే రైలని పేరు. 2024లో కొత్త బళ్లు వచ్చాయి, మాకేం ఇబ్బంది కాలేదు. చివరి ముక్క, అంటే యొనాగో నుంచి సకాయిమినాతోకి, డీజిల్ బండిలో 45 నిమిషాలు. ఒక రైలు తప్పిపోతే తర్వాతదానికి గంట దాకా కూచోవాలి. మేం కూచున్నాం. తొందరున్నవాళ్లు టోక్యో నుంచి విమానంలో రావచ్చు, ఎయిర్‌పోర్టు పేరు కూడా యొనాగో కితారో విమానాశ్రయమే.

స్టేషన్ బయట మొదట కనిపించేది మిజుకి విగ్రహమే. బల్ల ముందు కూచుని బొమ్మ గీస్తుంటాడు, చుట్టూ కితారో బృందం చేరి చూస్తుంటుంది. అక్కడి నుంచి మ్యూజియం దాకా 800 మీటర్ల వీధి, దాన్నే మిజుకి షిగేరు రోడ్ అంటారు. 1993లో 23 కంచు విగ్రహాలతో మొదలుపెట్టారు, ఇప్పుడు 170కి పైగా ఉన్నాయి. మొదట్లో కొన్ని విగ్రహాలు దొంగలెత్తుకుపోతే ఆ వార్త దేశమంతా పాకి, అసలీ ఊరేంటో చూద్దామని జనం రావడం మొదలైంది. దొంగలకి కూడా ఒక విగ్రహం పెట్టి ఉండాల్సింది.

నిజం చెప్పాలంటే పగటిపూట వీధి నాకు పెద్దగా ఎక్కలేదు. విగ్రహాల్లో చాలావరకు మోకాలెత్తు కూడా ఉండవు. ఫోటోలు చూసి ఏదో ఊహించుకుని వెళ్తే 'ఇంతేనా' అనిపిస్తుంది. ఇక మిగిలింది షాపులు. కనుగుడ్డు మిఠాయి, కనుగుడ్డు తాళంచెవి గొలుసు, కనుగుడ్డు టీ షర్టు. వీధి దీపాలు కూడా కనుగుడ్లే. పిల్లలున్నవాళ్లు మాత్రం ఒక స్టాంపుల పుస్తకం కొనివ్వండి, షాపు షాపుకీ తిరిగి ముద్రలు కొట్టుకుంటూ మూడు గంటలు మిమ్మల్ని విసిగించరు.

ఈ వీధికి రావాల్సింది రాత్రి. షాపులు సాయంత్రం అయిదూ ఆరింటికల్లా మూసేస్తారు, టూర్ బస్సులు వెళ్లిపోతాయి. అప్పుడు విగ్రహాల మీద లైట్లు వెలిగి, పేవ్‌మెంట్ మీద దెయ్యాల నీడలు కదులుతాయి. వీధంతా కలిపి పదిమందిమి కూడా లేం. పగలు బొమ్మల్లా ఉన్నవే, చీకట్లో పక్కనుంచి నడుస్తుంటే వేరుగా ఉంటాయి. అయితే భోజనం ముందే చూసుకోండి. మేం చూసుకోలేదు.

మిజుకి షిగేరు మ్యూజియం 2003లో, ఆయన పుట్టినరోజైన మార్చి 8న తెరిచారు. 2024 ఏప్రిల్లో పునర్నిర్మించి మళ్లీ తెరిచారు. దెయ్యాల గది బాగుంది కానీ, నేను ఎక్కువసేపు నిలబడింది ఆయన జీవితం చెప్పే చోట. రెండో ప్రపంచ యుద్ధంలో సైనికుడిగా ఆయన్ని రబౌల్ పంపారు, ఇప్పటి పాపువా న్యూ గినీ. తోటివాళ్లు చనిపోయారు, ఈయనకి మలేరియా వచ్చింది. ఆ జ్వరంలో ఉండగానే 1944లో బాంబు దాడిలో ఎడమ చెయ్యి పోయింది. అక్కడి తొలాయి గిరిజనులు తిండి పెట్టి స్నేహం చేశారు. మళ్లీ వస్తానని వాళ్లకి మాటిచ్చి, పాతికేళ్లు దాటాక 1971లో వెళ్లాడు. చావమని పటాలానికి ఆజ్ఞ ఇచ్చిన ఆ యుద్ధం మీద 1973లో ఒక మాంగా గీశాడు. అందులో తొంభై శాతం నిజమేనని తనే రాసుకున్నాడు.

ఒంటిచేత్తో వెనక్కి వచ్చినవాడు ఏం చేశాడని చూస్తే, చేపలమ్మాడు, కోబెలో ఒక అద్దెమేడ నడిపాడు. 'మిజుకి' అనే కలం పేరు ఆ మేడదే. అసలు ఇంటి పేరు ముర. వీధుల్లో పిల్లలకి చూపించే కాగితపు బొమ్మల కథలు గీశాడు, తర్వాత అద్దె లైబ్రరీలకి మాంగా. 1961లో పెళ్లిచూపులైన అయిదు రోజులకే పెళ్లి. అప్పటికి వయసు 38, చేతిలో డబ్బుల్లేవు. మొదటి పెద్ద బహుమతి 1965లో వచ్చింది, 43 ఏళ్లకి. 1968లో కితారో టీవీకెక్కాడు, అదీ కథ పేరులోంచి 'శ్మశానం' అన్న మాట తీసేశాకే. దాని బదులు పెట్టిన 'గెగెగె'కి మూలం, షిగేరు అని పలకడం రాక చిన్నప్పుడు ఆయన తనని తాను పిలుచుకున్న పేరు.

నాకు బాగా నచ్చింది ఆయన నిద్ర. తెజుకా ఒసాము, ఇషినోమొరి షోతారో అనే పేరున్న మాంగా చిత్రకారులు నిద్ర మానుకుని గీశామని చెప్పుకునేవాళ్లు. ఇద్దరూ అరవయ్యేళ్లకే పోయారు. మిజుకి కడుపునిండా తిని, పది గంటలు పడుకుని, 2015 నవంబరులో 93 ఏళ్లకి వెళ్లిపోయాడు. సోమరులుగా ఉండమని సలహా కూడా ఇచ్చేవాడు.

బస విషయం. మొదటి రాత్రి కైకె ఒన్సెన్‌లో, సముద్రం ఒడ్డున ఒక సత్రం. యొనాగో నుంచి బస్సులో ఇరవై నిమిషాలు. వేడినీటి ఊటలో నీళ్లు ఉప్పగా ఉంటాయి, నడుం నొప్పి ఒక్క మునకలో సగం పోయింది. ఆ సత్రం పేరు చెప్పను, ఎందుకంటే భోజనం దగ్గర గొడవైంది. మా ఆవిడ శాకాహారి అని నెలముందే మెయిల్ పెడితే సరేనన్నారు. తీరా పెట్టిన ప్రతి గిన్నెలోనూ చేప రసం వాసన. వాళ్లకి అది లెక్కలోకి రాదు, ముక్క లేకపోతే శాకాహారమే. పీతల సీజన్ కావడంతో నా ఆకు మాత్రం నిండింది, ఆమె పక్కన కూచుని అన్నంలో గోంగూర పచ్చడి కలుపుకుంది. ఇద్దరికీ 30 వేల యెన్లు. రెండో రాత్రి యొనాగో స్టేషన్ దగ్గర బిజినెస్ హోటల్ 9 వేలకే దొరికింది. గది అగ్గిపెట్టెంత ఉన్నా శుభ్రంగా ఉంది, కింద సూపర్ మార్కెట్లో పెరుగూ పళ్లూ దొరికాయి. మళ్లీ వెళ్తే రెండు రాత్రులూ అక్కడే దిగి, స్నానానికి మాత్రం కైకె వెళ్లొస్తాం.

వాట్సాప్‌లో తిరుగుతూ ఉంటుందే, ఆకాశంలోకి నిలువుగా లేచిన వంతెన ఫోటో, ఆ ఎషిమా వంతెన కూడా ఇక్కడిదే. దగ్గరికెళ్తే మామూలు ఫ్లైఓవర్. లెన్సు మాయ. టాక్సీ డబ్బులు దండగ.

చివరి రోజు పొద్దున షోఫుకుజి గుడికి వెళ్లాం. చిన్నప్పుడు మిజుకికి దెయ్యాల కథలు చెప్పిన నొన్నొన్‌బా అనే ముసలావిడ ఆయన్ని తీసుకొచ్చి ఇక్కడి నరకం పటాలు చూపించిందట. వీధిలో ఉన్న జనంలో నూరోవంతు కూడా ఇక్కడ లేరు. పాత రంగులు, మంటలు, మొరపెట్టుకుంటున్న పాపులు, మధ్యలో ఎర్రటి మొహంతో తీర్పు చెప్పేవాడొకడు. ఆయన పేరు ఎన్మా అని నేను ఫోన్లో వెతికి చెప్పేలోపే మా ఆవిడ అనేసింది, "యముడు కదండీ! పక్కన లెక్కల పుస్తకం చూడండి."

గుడిలో ఇంకో అరగంట కూచున్నాం. రైలు మళ్లీ తప్పింది.