మాఘం నుంచి వైశాఖం దాకా చెన్నై ఒడ్డున: 4000 సైజు రీల్, తొమ్మిదడుగుల రాడ్

చెన్నైలో ఒడ్డు మీద నిలబడి సముద్రంలో గాలం వేద్దామనుకునే తెలుగువాళ్ళు నన్ను మొదట అడిగేది ఏ రీల్ (గాలం దారం చుట్టే యంత్రం) కొనాలనే. నేను తిరువాన్మియూరులో ఉంటాను. 4000 సైజు స్పిన్నింగ్ రీల్‌ని తొమ్మిదడుగుల రెండు ముక్కల రాడ్‌కి బిగించి కొన్నేళ్ళుగా ఫిబ్రవరి నుంచి మే నెలాఖరు దాకా వాడుతున్నాను. కంపెనీ పేరు రాయడం లేదు. ఈ ధరలో దొరికే రీళ్ళన్నీ లోపల దాదాపు ఒకేలా ఉంటాయి, ఉప్పుకి లొంగే చోట్లు కూడా అవే. నా మాట ముందే చెప్పేస్తాను: ఈ నాలుగు నెలల్లో, తెల్లవారుజాము నుంచి సముద్రపు గాలి లేచేదాకా, ఈ జోడీ బ్రహ్మాండంగా పనికొస్తుంది. గాలి తిరిగాక మాత్రం దీన్ని సంచిలో పెట్టి ఇంటికి వచ్చేయడమే మంచిది.

కారణం మన తూర్పు తీరం తీరే. ఇక్కడ ఒడ్డు తూర్పు ముఖంగా ఉంటుంది. రాత్రంతా చల్లబడిన నేల మీది నుంచి పొద్దున్నే గాలి సముద్రం వైపు వీస్తుంది, అంటే మన వీపు మీది నుంచి. అలల తలలు అణుగుతాయి, నీళ్ళు నునుపుగా ఉంటాయి, 28 గ్రాముల స్పూన్ (చెంచా ఆకారపు లోహపు ఎర) విసిరితే దారం చివరిదాకా సాఫీగా సాగిపోతుంది. ఎండ ముదిరి పదకొండు దాటేసరికి గాలి ఎదురు తిరుగుతుంది. అదే స్పూన్ సగం దూరం పోయి పడిపోతుంది, గాల్లో దారం సంచిలా ఉబ్బుతుంది. ఆ వదులు దారం స్పూల్ (రీల్‌లో దారం ఉండే కండె) మీద చుట్టుకుంటే తర్వాతి విసురుకి పక్షి గూడంత చిక్కు పడుతుంది. విసిరిన ప్రతిసారీ బెయిల్‌ని (దారాన్ని స్పూల్ మీదికి మళ్ళించే తీగని) చేత్తో మూసి, దారాన్ని ఒకసారి లాగి బిగువు చూసుకుంటే ఈ బాధ చాలావరకు తప్పుతుంది. హ్యాండిల్ తిప్పితే బెయిల్ దానంతటదే పడుతుంది కదా అని అలవాటు చేసుకోవద్దు.

ఇక నీళ్ళ సంగతి. ఈశాన్య రుతుపవనాలప్పుడు, అంటే నవంబరు, డిసెంబరుల్లో, అడయారు, కూవం నదుల బురదంతా ఒడ్డుకి చేరి సముద్రం కాఫీ రంగులో ఉంటుంది. ఆ రోజుల్లో తీరం వెంబడి ప్రవాహం ఉత్తరం నుంచి దక్షిణానికి నడుస్తుంది. ఫిబ్రవరికి అది తిరిగి దక్షిణం నుంచి ఉత్తరానికి పట్టుకుంటుంది. ఇక్కడి జాలర్లు మొదటిదాన్ని వన్ని అంటారు, రెండోదాన్ని తెండి అంటారు. కాశిమేడు చేపల రేవులో బోట్ల మీద పనిచేసే శ్రీకాకుళం మనిషి ఒకాయనకి నా రాడ్ అంటే మహా ఇష్టం. ఒకసారి నీళ్ళు చూసి "తెండి పట్టింది బాబూ, రెండ్రోజులాగు, తేరిపోతాయి" అన్నాడు. తేరాయి కూడా. అలా తేరిన నీళ్ళలోనే లూర్ (స్పూన్ లాంటి కృత్రిమ ఎర) పనిచేస్తుంది, బురద నీళ్ళలో ఎర రొయ్య తప్ప ఏదీ పలకదు. ఫిబ్రవరిలో నీళ్ళు 27 డిగ్రీల దగ్గర ఉంటాయి, మే నాటికల్లా 29 దాటతాయి. కవళ్ళు, నెత్తళ్ళు లాంటి చిన్న చేపలు ఒడ్డు దగ్గరికి గుంపుగా వచ్చిన రోజు ఆల్చిప్పలంత అలల్లో కూడా అవి ఎగరడం కనిపిస్తుంది. వాటి వెనకే వాటిని వేటాడే పార, షీలా చేపలు వస్తాయి.

పోటు లెక్క కూడా మనకి కలిసొస్తుంది. చెన్నైలో అమావాస్యకీ పౌర్ణమికీ నీటి మట్టం ఒక మీటరు దాకా ఎక్కి దిగుతుంది, అష్టమి రోజుల్లో అందులో సగం కూడా ఉండదు. పౌర్ణమి, అమావాస్యల దగ్గర ఉదయం ఎనిమిది ప్రాంతంలో పోటు నిండుతుంది. అంటే తెల్లవారేటప్పటికి నీళ్ళు ఎక్కుతూ ఉంటాయి, వీపు మీది గాలీ ఉంటుంది. చేపలు మేతకి కదిలే వెలుగూ అప్పుడే. నేను రోజు ఎంచుకునేటప్పుడు మొదట చూసేది ఇదే.

రాడ్ గురించి. 15 నుంచి 45 గ్రాముల బరువు విసరగలదని దాని మీద రాసి ఉంది. 28 గ్రాముల దగ్గర అది ప్రాణం పోసుకుంటుంది, 40 గ్రాముల జిగ్ (బరువైన లోహపు ఎర) కట్టినప్పుడు కొంచెం మెత్తగా అనిపిస్తుంది కానీ పని నడుస్తుంది. పట్టినప్పాక్కంలో అడయారు మొగ (నది సముద్రంలో కలిసే చోటు) దగ్గర, బీసెంట్ నగర్ నుంచి నీలాంకరై దాకా ఇసుక మీద, తొమ్మిదడుగులు చాలు. మెరీనా లాంటి వెడల్పాటి బీచ్‌లో మాత్రం అలలు విరిగే గీత దాటించడానికి పదకొండడుగులు ఉంటే బాగుండనిపిస్తుంది. రెండు ముక్కలు కలిసే చోట ఇసుక రేణువులు చేరితే రాడ్ ఊడి రాదు. అక్కడ మామూలు కొవ్వొత్తి మైనం రుద్దితే పట్టు గట్టిగా ఉంటుంది, విప్పేటప్పుడు సులువుగా వస్తుంది. రాడ్ మీద దారం దూరి వెళ్ళే గైడ్ల లోపలి రింగులకి ఏమీ కాలేదు. కొన వైపు నుంచి రెండో గైడ్ పాదం దగ్గర మాత్రం దారపు పూత పగిలి తుప్పు మొదలైంది.

రీల్ బలం గురించి ఒక్క మాట. పెట్టె మీద డ్రాగ్ (చేప గట్టిగా లాగితే దారాన్ని జారనిచ్చే బిగింపు) 8 కిలోలని వేశారు. స్ప్రింగ్ త్రాసుకి దారం కట్టి లాగి చూస్తే నాలుగు కిలోల దాకా వెన్నలా జారుతుంది, ఆ పైన కుదుపులతో వదులుతుంది. ఒడ్డు మీది పనికి నాలుగు చాలు. పార తగిలినప్పుడు మొదటి పరుగే గట్టిగా ఉంటుంది, అప్పుడు డ్రాగ్ ఆగకుండా జారడం ముఖ్యం. ఆ పరీక్షలో ఈ రీల్ ఎప్పుడూ తప్పలేదు. మొగ దగ్గర పండుగప్ప అయితే వేరే కథ. అది తగలగానే పైకెగిరి తల విదిలిస్తుంది, దాని చెంప అంచు కత్తిలా ఉంటుంది. అందుకే 20 పౌండ్ల బ్రెయిడ్‌కి (పోగులు అల్లిన దారానికి) ముందు, ఎర వైపు, 40 పౌండ్ల లీడర్ అనే గట్టి దారం ముక్క కడతాను.

ఉత్తర చెన్నైలో ఇసుక లేదు, రాళ్ళే. 19వ శతాబ్దంలో హార్బరు గోడలు కట్టాక ఉత్తరానికి కొట్టుకుపోయే ఇసుక వాటి దక్షిణాన ఆగిపోయింది. మెరీనా అంత వెడల్పు కావడానికీ, రాయపురం వైపు ఒడ్డు కోసుకుపోవడానికీ కారణం అదే. కోత ఆపడానికి వేసిన రాళ్ళ గట్లు ఎన్నూరు దాకా ఉన్నాయి, చేపలు ఆ రాళ్ళ పక్కన తిరగడం ఇష్టపడతాయి. అక్కడ రాళ్ళకి అంటుకున్న గుల్లలు బ్రెయిడ్‌ని తెంపేస్తాయి. ఎనిమిది పోగుల బ్రెయిడ్ విసరడానికి హాయిగా ఉన్నా రాళ్ళ మీద త్వరగా నూలు లేస్తుంది, నాలుగు పోగులది గరుకుగా ఉన్నా ఎక్కువ కాలం నిలిచింది. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుఫాను వరదతో పాటు ఎన్నూరు వాగులోకి చమురు వచ్చిపడినప్పటి నుంచి నేను ఆ వైపు పట్టిన చేప ఇంటికి తేవడం మానేశాను. ఆ వాగు మీద బతికే కుటుంబాలకి మానేసే వీలు లేదు, అది తలచుకుంటే బాధేస్తుంది.

ఇప్పుడు అసలు పరీక్ష, ఉప్పు. రెండో ఏడాది మార్చిలో దారం చుట్టేటప్పుడు కీచుమని సన్నటి శబ్దం మొదలైంది. లైన్ రోలర్ (బెయిల్ కొసన దారం పారే చిన్న చక్రం) స్క్రూ విప్పి చూస్తే లోపల చిన్న బేరింగ్ చుట్టూ తెల్లటి పొక్కు, దాని కింద గ్రీజు పచ్చగా మారి గట్టిపడి ఉంది. రోలర్ తిరగడం మానేసింది, దారం దాని మీద రాసుకుంటూ పోతోంది. గేర్లు, హ్యాండిల్ బేరింగులు మాత్రం శుభ్రంగా ఉన్నాయి. బెంగళూరులో మా బావమరిది ఇదే మోడల్‌ని చెరువుల్లో వాడతాడు, అతనిది ఇప్పటికీ కొత్తదానిలా తిరుగుతోంది. ఇప్పుడు నేను నెలకోసారి రోలర్ విప్పి, తుడిచి, మెరైన్ గ్రీజు కొంచెం పెట్టి మూసేస్తాను. శబ్దం మళ్ళీ రాలేదు.

కడగడంలో చెన్నై వాళ్ళకి ఇంకో చిక్కుంది. మా వైపు చాలా అపార్ట్‌మెంట్లలో బోరు నీళ్ళే ఉప్పగా ఉంటాయి. వాటితో కడిగి ఆరబెడితే ఉప్పు మీద ఉప్పు పెట్టినట్టే. అందుకని చివరగా ఒక చెంబెడు క్యాన్ నీళ్ళు పోస్తాను. డ్రాగ్ నాబ్ బిగించి, నీళ్ళు పైనుంచి మెల్లగా పడేలా కడగాలి. పైపు పెట్టి జోరుగా కొడితే ఉప్పు లోపలికే పోతుంది. తుడిచాక నాబ్ వదులు చేసి నీడలో ఆరబెట్టాలి, లేకపోతే లోపలి వాషర్లు అదిమినట్టే ఉండిపోతాయి.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు తూర్పు తీరంలో మర పడవల వేటకి నిషేధం. ఒడ్డు మీద గాలానికి అది వర్తించదు. అయితే ఆ రోజుల్లో ఫైబర్ పడవల వలలు ఒడ్డుకి దగ్గరగా పడతాయి. తేలే బెండ్లు కనిపిస్తే ఆ వైపు విసరకండి. వాళ్ళది పూట గడిచే పని, మనది సరదా. వల లాగుతుంటే రాడ్ పక్కన పెట్టి ఒక చెయ్యి వేస్తే ఎవరూ వద్దనరు, చేపలు ఎక్కడున్నాయో కూడా చెబుతారు.

అదే ఏప్రిల్, మే నెలల్లో ఇంకో ప్రమాదం ఉంది. గాలి లేకుండా, ఆకాశం తేటగా ఉన్న రోజున కూడా ఉన్నట్టుండి పెద్ద అలలు వస్తాయి. ఎక్కడో దక్షిణ మహాసముద్రంలో చెలరేగిన తుఫాన్ల ఉబ్బు వేల కిలోమీటర్లు ప్రయాణించి ఇక్కడికి చేరుతుంది. ఒక అలకీ మరో అలకీ మధ్య వ్యవధి ఎక్కువ కాబట్టి సముద్రం నిద్రపోతున్నట్టు కనిపించి, ఒక్కసారిగా మోకాళ్ళ మీదికి ఎక్కుతుంది. హైదరాబాదులోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ ముందుగానే హెచ్చరికలు ఇస్తుంది, బయల్దేరే ముందు రాత్రి అవి చూడకుండా నేను రాళ్ళ గట్టు ఎక్కను.

జనవరి నుంచి ఏప్రిల్ దాకా ఈ ఇసుక మీదికే ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు గుడ్లు పెట్టడానికి రాత్రిళ్ళు వస్తాయి. చీకట్లో బీచ్‌కి చేరితే తలకి కట్టుకునే లైటు ఆర్పేసి నడవండి, తెగిన దారం ముక్క ఒక్కటి కూడా ఇసుకలో వదలకండి.

కొనేటప్పుడు ఒక జాగ్రత్త. కౌంటర్ మీద హ్యాండిల్ తిప్పి ఎంత మెత్తగా ఉందో చూసి మురిసిపోకుండా, లైన్ రోలర్ బేరింగ్, బెయిల్ స్ప్రింగ్ విడిగా తెప్పించి ఇస్తారా అని అడగండి. నా రీల్ కొన్న షాపులో ఇవ్వలేదు, చివరికి బేరింగ్ కొలతలు చూసుకుని ఆన్‌లైన్‌లో తెప్పించుకున్నాను. ఇస్తామన్న షాపులో రెండొందలు ఎక్కువైనా అక్కడే కొనండి.