పోలో జీటీకి ఇంట్లోనే మార్చిన బ్రేకులు: శ్రీశైలం ఘాట్ తరువాత ఏడాది వాడకం

గత ఏడాది మే నెలలో నల్లగొండ నుంచి దేవరకొండ, డిండి మీదుగా శ్రీశైలం వెళ్తున్నప్పుడు, దోమలపెంట దాటి కృష్ణా నది వైపు దిగే మలుపుల్లో నా కారు బ్రేక్ పెడల్ మునుపెన్నడూ లేనంత లోతుకు దిగింది. కారులో అమ్మ, నాయిన, నా భార్య ఉన్నారు. డిక్కీ నిండా సామాను ఉంది. “బిడ్డా, బండి పక్కకు ఆపు, ఏదో కాలుతున్న వాసన వస్తున్నది” అని నాయిన అంటుండగానే గేరును మాన్యువల్‌లోకి తెచ్చి, రెండో గేరుకు దించి, హ్యాండ్ బ్రేకును కొద్దికొద్దిగా లాగుతూ రోడ్డు వెడల్పుగా ఉన్న చోట ఆపగలిగాను. అరగంట చల్లారాక పెడల్ మళ్లీ గట్టిపడింది. కారులో లోపమేమీ లేదు. నాలుగేళ్లుగా బ్రేక్ ఆయిల్ మార్చనివాణ్ణి నేనే, దిగుడు మొత్తం గేరును ‘డి’లో వదిలేసి పెడల్ మీద కాలు పెట్టి ఉంచినవాణ్ణీ నేనే. ఆ తరువాత నెలన్నర చదివి, కొని, ఇంటి ముందర నా చేతులతో బిగించిన సామాను ఎలా పనిచేస్తున్నదో, దేనికి పెట్టిన డబ్బు దక్కిందో, దేనికి దక్కలేదో ఇక్కడ రాస్తున్నాను.

కారు 2016 నాటి ఫోక్స్‌వ్యాగన్ పోలో జీటీ టీఎస్ఐ. 1.2 లీటర్ల టర్బో పెట్రోల్ ఇంజిను, 105 పీఎస్ శక్తి, ఏడు గేర్ల డీఎస్‌జీ (గేర్లు తానే మార్చుకునే ఆటోమేటిక్ గేర్‌బాక్స్), ముందు డిస్కులు, వెనుక డ్రమ్ములు. మన దేశంలో చిన్న కార్లలో వేగాన్ని ఇష్టపడేవారు ఎక్కువగా వెతికి కొన్న బండ్లలో ఇది ఒకటి. ఇంజిను ఎంత హుషారుగా ఉంటుందో, కంపెనీ నుంచి వచ్చిన బ్రేక్ ప్యాడ్లు, అంటే డిస్కును నొక్కి ఆపే పలకలు, అంత సాధారణంగా ఉంటాయి. ఊళ్లో తిరగడానికి అవి చాలు. నిండు బరువుతో ఘాట్ దిగేటప్పుడు మాత్రం వాటి హద్దు త్వరగా తెలిసిపోతుంది.

ఆ హద్దు ఎక్కడిదో ఒక చిన్న లెక్క చెబుతుంది. కారు 100 మీటర్ల ఎత్తు దిగినప్పుడు వదిలించుకోవలసిన శక్తి, అదే కారును గంటకు 100 కిలోమీటర్ల వేగం నుంచి రెండున్నర సార్లు పూర్తిగా ఆపడానికి కావలసినంత ఉంటుంది. బరువు ఎంతైనా ఈ నిష్పత్తి మారదు. ఆ శక్తిలో కొంత గాలి, టైర్లు, ఇంజిను పంచుకుంటాయి. మిగిలినదంతా వేడిగా మారి డిస్కుల్లోకి, అక్కడి నుంచి ప్యాడ్లలోకి, ప్యాడ్లను డిస్కుకు నొక్కే కాలిపర్ లోపలి బ్రేక్ ఆయిల్‌లోకి పాకుతుంది. ఘాట్ రోడ్డులో వేగం తక్కువ కాబట్టి చల్లబరిచే గాలి కూడా తక్కువే. మే నెల ఎండకు వేడెక్కిన తారు దీనికి తోడవుతుంది.

బ్రేక్ ఆయిల్ అని మనం పిలిచేది నిజానికి నూనె కాదు. అది గాలిలోని తేమను పీల్చుకునే గ్లైకాల్ ద్రవం. మామూలు కార్లలో వాడే డాట్ 4 రకం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదని ప్రమాణం చెబుతుంది. సుమారు 3.7 శాతం నీరు చేరితే ఆ హద్దు 155 డిగ్రీలకు దిగిపోవచ్చు. కాలిపర్‌లో ద్రవం మరిగి ఆవిరి బుడగ ఏర్పడితే, ద్రవంలా కాకుండా ఆవిరి నొక్కుకుపోతుంది కనుక, పెడల్ తొక్కిన బలం ప్యాడ్ల దాకా చేరదు. ఆ రోజు నాకు ఎదురైనది ఇదే. ప్యాడ్ వేడెక్కి పట్టు కోల్పోవడం వేరే సంగతి. అప్పుడు పెడల్ గట్టిగానే ఉంటుంది, బండి మాత్రం ఆగదు. ఈ రెండింటి తేడా తెలియకపోతే మందు ఒకచోట, రోగం ఒకచోట అవుతుంది.

అందుకే మొదట కొన్నది మోటుల్ ఆర్‌బీఎఫ్ 600, అర లీటరు సీసాలు రెండు. దీని మరుగు స్థానం కొత్తగా ఉన్నప్పుడు 312 డిగ్రీలు, తేమ చేరిన తరువాత కూడా 200 పైనే. డాట్ 4తో కలుస్తుంది కాబట్టి పాతదాన్ని కడిగి తీసే అవస్థ లేదు. కొత్తది నింపుతూ పాతదాన్ని బయటకు నెట్టితే సరిపోతుంది. ఈఎస్‌పీ (కారు అదుపు తప్పి జారకుండా చూసే వ్యవస్థ) ఉన్న కార్లకు పలుచని బ్రేక్ ఆయిల్ వాడాలనే మాట కొందరికి గుర్తుకు రావచ్చు. ఆ పలుచదనాన్ని ప్రమాణాల్లో సున్నాకు 40 డిగ్రీల దిగువన కొలుస్తారు; నల్లగొండ చలికాలానికి ఆ భయం అవసరం లేదని నా నిర్ణయం. నేను పెట్టిన ఖర్చులో అన్నిటికన్నా ఎక్కువ విలువ ఇచ్చినది ఈ రెండు సీసాలే. బ్రేకుల మీద ఒక్క పనికే డబ్బు ఉన్నవారు ఇది చేసి ఆగిపోయినా తప్పులేదు.

ఇక ప్యాడ్లు. కంపెనీ పేరు రాయడం లేదు. ఒకే కంపెనీ నాలుగైదు రకాల మిశ్రమాలు చేస్తుంది కనుక పేరు చూసి కొనడం కన్నా ప్యాడ్ అంచు మీది రెండు అక్షరాలు చూసి కొనడం మేలు. మొదటి అక్షరం మామూలు వేడిలో పట్టును, రెండోది ఎక్కువ వేడిలో పట్టును సూచిస్తుంది. ‘ఈ’ అంటే ఘర్షణ గుణకం 0.25 నుంచి 0.35, ‘ఎఫ్’ అంటే 0.35 నుంచి 0.45, ‘జి’ అంటే 0.45 నుంచి 0.55. రెండో అక్షరం మొదటిదానికన్నా తగ్గిన ప్యాడ్ వేడెక్కే కొద్దీ జారుతుందన్నమాట. నేను ఎంచుకున్నవి రెండు అక్షరాలూ ‘ఎఫ్’ ఉన్న సెమీ మెటాలిక్ ప్యాడ్లు. పందెపు ట్రాక్ కోసం చేసినవి చల్లగా ఉన్నప్పుడు సరిగా పట్టవు; క్లాక్ టవర్ దగ్గర హఠాత్తుగా అడ్డం వచ్చే ఆటోకు అవి పనికిరావు.

ఈ కొనుగోలులోనే ఒక దెబ్బ తగిలింది. ఆన్‌లైన్‌లో ఒక అమ్మకందారు పంపిన మొదటి జత నకిలీది. డబ్బా మీద అక్షరాలు మసకగా ఉన్నాయి, ప్యాడ్ అంచు మీద ఘర్షణ అక్షరాలే లేవు, వెనుక రేకు మీద రంగు గోటితో గీకితే ఊడింది. వాపసు చేయడానికి మూడు వారాలు పట్టింది. రెండోసారి హైదరాబాద్‌లో దుకాణానికి వెళ్లి, డబ్బా విప్పి చూసుకుని తెచ్చుకున్నాను. ప్రాణం ఆధారపడే సామానును కంటితో చూడకుండా కొనవద్దని ఇది చదివే ప్రతి ఒక్కరినీ గట్టిగా కోరుతున్నాను.

డిస్కులను పాత కొలతలోనే, గాలి దారులున్నవి, హై కార్బన్ రకం తీసుకున్నాను. పెద్ద డిస్కులు, పెద్ద కాలిపర్లు పెట్టించమని మిత్రులు చెప్పారు. వాటికి వేరే బ్రాకెట్లు, పెద్ద చక్రాలు కావాలి. ముందు వెనుకల మధ్య కంపెనీ కుదిర్చిన బ్రేకుల సమతూకం చెడే అవకాశం ఉంది. వాహనంలో చేసే మార్పుల గురించిన మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్, బీమా సంగతి కూడా చూసుకోవాలి. రంధ్రాలున్న డిస్కులు చూడడానికి బాగుంటాయి కానీ పదేపదే వేడెక్కి చల్లారితే ఆ రంధ్రాల దగ్గరే పగుళ్లు మొదలవుతాయి. యాక్సెసరీ దుకాణాల్లో కాలిపర్ మీద తొడిగే ఎర్ర ప్లాస్టిక్ తొడుగులు అమ్ముతున్నారు. వేడి బయటకు పోవలసిన చోట దుప్పటి కప్పడం లాంటి ఆ పనిని దయచేసి ఎవరూ చేయవద్దు.

పనికి ఒక ఆదివారం పట్టింది. వెనుక చక్రాలకు రాళ్లు అడ్డం పెట్టి, ముందు భాగాన్ని జాకీతో లేపి, స్టాండ్ల మీద నిలిపిన తరువాతే చేయి పెట్టాను; జాకీ ఒక్కదాన్ని నమ్మి కారు పక్కన కూర్చోకూడదు. కాలిపర్‌ను పట్టి ఉంచే రెండు గైడ్ పిన్నులకు 7 మిల్లీమీటర్ల అలెన్ కీ కావాలి. మామూలు సెట్లలో ఆ కొలత దొరకదు కాబట్టి ముందే విడిగా కొనుక్కోవాలి. విప్పిన కాలిపర్‌ను హోస్ పైపు మీద వేలాడనీయకుండా తీగతో స్ప్రింగుకు కట్టాను. ప్యాడ్ల దుమ్మును నోటితో ఊదకుండా బ్రేక్ క్లీనర్‌తో తడిపి తుడిచాను. పిస్టన్‌ను వెనక్కి నొక్కేటప్పుడు కాలిపర్ మీద ద్రవాన్ని బయటకు వదిలే బ్లీడ్ నిప్పిల్ తెరిచి పాత ద్రవాన్ని సీసాలోకి వదిలేశాను. లేకపోతే ఆ మురికి, గట్టి బ్రేకుకు చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ యూనిట్ వైపు వెళ్తుంది.

ఎక్కువ సమయం తీసుకున్నది, తీసుకోవలసినది కూడా, డిస్క్ ఆనుకుని కూర్చునే హబ్ ముఖాన్ని శుభ్రం చేయడం. పాత డిస్క్ తీయగానే అక్కడ తుప్పు పొరలు పొరలుగా కనిపించింది. ఆ తుప్పు మీదనే కొత్త డిస్క్ కూర్చోబెడితే అది వెంట్రుకవాసి వంకరగా తిరుగుతుంది. కొన్ని వేల కిలోమీటర్ల తరువాత బ్రేకు వేసినప్పుడు స్టీరింగ్ వణుకుతుంది. డిస్క్ వంగిపోయిందని మనం డిస్క్‌ను తిట్టుకుంటాము. వైర్ బ్రష్‌తో ఒక్కో పక్క ముప్పావుగంట రుద్దాను. కొత్త డిస్కుల మీది తుప్పు పట్టకుండా పూసిన నూనెను కూడా బ్రేక్ క్లీనర్‌తో పూర్తిగా తుడవాలి. లోపలి ప్యాడ్‌కు ఉన్న స్ప్రింగ్ పిస్టన్ గుంతలోకి కూర్చోవాలి, గైడ్ పిన్నులకు తగిన సిలికాన్ గ్రీజు రాయాలి. చక్రాల బోల్టులను 120 న్యూటన్ మీటర్లకు టార్క్ రెంచితో బిగించాను.

బ్రేక్ పైపుల్లోని ఎయిర్ తీసేటప్పుడు తమ్ముడు పెడల్ దగ్గర కూర్చున్నాడు. “తొక్కి పట్టు”, “పట్టినా అన్నా”, “ఇక వదులు” అంటూ నాలుగు చక్రాలకూ మాన్యువల్ చెప్పిన వరుసలో గంటన్నర సాగింది. పైన డబ్బాలో ద్రవం కనీస గీత కిందికి పోకుండా చూడడం ఇందులో ప్రాణప్రదమైన సంగతి. అది ఖాళీ అయి ఏబీఎస్ యూనిట్‌లోకి గాలి చేరితే, దాన్ని తీయడానికి కంప్యూటర్ యంత్రం ఉన్న వర్క్‌షాపుకు వెళ్లక తప్పదు. ఈ ద్రవం కారు రంగును తినేస్తుంది. చుక్క పడితే వెంటనే నీళ్లతో కడగాలి.

స్టెయిన్‌లెస్ స్టీలు అల్లిక ఉన్న హోస్ పైపులు కూడా వేశాను. రబ్బరు పైపు ఒత్తిడికి కొంచెం ఉబ్బుతుంది, స్టీలు అల్లిక ఉబ్బనీయదు, కనుక పెడల్ గట్టిగా ఉంటుందని చెబుతారు. గట్టిగా ఉన్న మాట నిజమే. అయితే అందులో ఎంత భాగం పైపులది, ఎంత భాగం కొత్త ద్రవానిది అని విడదీసి చూస్తే, పైపులది చాలా చిన్న వాటా అనిపిస్తున్నది. పాత రబ్బరు పైపులు పగలకుండా, ఉబ్బకుండా ఉంటే వీటి మీద ఖర్చు వాయిదా వేయవచ్చు. మొత్తం పాతిక వేలకు కొంచెం పైన అయింది. అందులో నాకు పూర్తిగా దక్కలేదనిపించే డబ్బు ఈ పైపులదే.

మరునాడు తెల్లవారుజామున పానగల్ వైపు ఖాళీ రోడ్డు మీద ప్యాడ్లను డిస్కులకు అలవాటు చేశాను. గంటకు 60 నుంచి 15 కిలోమీటర్లకు మధ్యస్తంగా బ్రేకు వేస్తూ పదిసార్లు, తరువాత 80 నుంచి ఇంకొంచెం గట్టిగా ఐదారుసార్లు, పూర్తిగా ఆపకుండా, మధ్యలో చల్లారడానికి వ్యవధి ఇస్తూ నడిపాను. వేడి డిస్క్ మీద ప్యాడ్‌ను నొక్కి నిలిపితే అక్కడ మచ్చ పడుతుంది. ఈ పని వదిలేసినవారు తరువాత ప్యాడ్లు బాగోలేవని అనడం చాలా చోట్ల విన్నాను.

ఇప్పుడు ఫలితం. ఒక్కసారి గట్టిగా ఆపినప్పుడు కారు ముందుకన్నా తక్కువ దూరంలో ఆగుతున్నదా అంటే, లేదు. పాత ప్యాడ్లు కూడా ఏబీఎస్ పలికేంత పట్టు ఇచ్చేవి. ఆపైన ఎంత దూరంలో ఆగాలో టైరుకూ రోడ్డుకూ మధ్య ఉన్న పట్టు నిర్ణయిస్తుంది. కోతల కాలంలో మిర్యాలగూడ దారిలో వడ్లు ఆరబోసిన చోట ఎంత ఖరీదైన బ్రేకులున్నా కారు జారుతుంది. ఈ సంగతి తెలిసి కొనేవారికే ఈ మార్పు తృప్తినిస్తుంది. మారినది పెడల్ నమ్మకం. డిసెంబరులో అదే నలుగురితో, అదే బరువుతో, మన్ననూరు చెక్‌పోస్టు దాటి అడవిలో వేగ పరిమితి పాటిస్తూ మళ్లీ వెళ్లాము. ఈసారి దోమలపెంట దిగుడులో రెండో గేరు వేసి ఇంజినును పని చేయనిచ్చాను. కింద వంతెన దగ్గరికి చేరేసరికి పెడల్ పైన ఉన్నప్పుడు ఎంత ఎత్తులో ఉందో అంతే ఎత్తులో ఉంది, వాసన రాలేదు. డిసెంబరు చలి, తక్కువ గేరు రెండూ ఇందులో సాయం చేశాయని ఒప్పుకోవాలి. తక్కువ గేరు వేయకుండా కొత్త ప్యాడ్లను నమ్మి దిగవద్దు.

అసౌకర్యాలు మూడు. చలికాలం పొద్దున మొదటి ఒకటి రెండు బ్రేకులకు పాత ప్యాడ్ల చురుకుదనం లేదు, కాలికి కొంచెం ఎక్కువ పని పడుతుంది. ముందు చక్రాల మీద నల్లని దుమ్ము వారానికే పేరుకుంటుంది. తడిపి తుడవకపోతే అంటుకుపోతుంది. వర్షంలో తడిసినప్పుడు సన్నని కీచు శబ్దం వస్తుంది, రెండు మూడు బ్రేకులకు పోతుంది.

ఇంతవరకు 11,000 కిలోమీటర్లు తిరిగాను. ప్యాడ్ల మందం సగానికి పైగా మిగిలి ఉంది, డిస్కుల మీద గాడి పడలేదు, వెనుక డ్రమ్ముల లైనర్లు పాతవే, వాటిని శుభ్రం చేసి సరిచేయడంతో సరిపోయింది. బ్రేక్ ఆయిల్‌ను మామూలుగా రెండేళ్లకోసారి మార్చమంటారు. ఘాట్ ప్రయాణాలు ఉన్నందున నేను ఏడాదికే మారుస్తున్నాను, వచ్చే వేసవి ప్రయాణం కోసం రెండు సీసాలు ఇప్పటికే తెచ్చి మూత విప్పకుండా పెట్టాను.