సబ్‌టైటిల్స్ కనబడనివ్వని సినిమాలు

శ్రీకాకుళం హాళ్లకి ఇరాన్ సినిమా వస్తుందని ఎదురుచూస్తే లాభం లేదు. అందుకని ఈ సమీక్ష అంతా ఇంట్లో టీవీ ముందు చాప వేసుకుని చూసిన, ఏడిపించే విదేశీ సినిమాల గురించే. కొన్నేళ్లుగా మా ఇంట్లో ఆదివారం మధ్యాహ్నాలు ఇలాగే గడుస్తున్నాయి. భాష తెలియని సినిమా ఒకటి పెడతాను. కింద ఇంగ్లిష్‌లో వచ్చేది చదివి అమ్మకి తెలుగులో చెబుతుంటాను. అసలు చిక్కు చివరి అరగంటలో వస్తుంది. నా కళ్లు నిండితే అక్షరాలు అలుక్కుపోతాయి. సరిగ్గా అప్పుడే అమ్మ "ఏటన్నాడే?" అని అడుగుతుంది. చదువుదామంటే కనబడదు, చెబుదామంటే గొంతు రాదు. రిమోట్‌లో పాజ్ బటన్ మీద గుర్తు చెరిగిపోయింది.

"ఏడిపించే సినిమాలు" అని వెతికితే వచ్చే జాబితాలతో పెద్దగా పని లేదు. సగం క్యాన్సరు, సగం యాక్సిడెంటు. నాకు పనికొచ్చిన దారి ఆస్కార్ విదేశీ భాషా చిత్రాల (ఇప్పుడు అంతర్జాతీయ చిత్రం అంటున్నారు) నామినేషన్లు. గెలిచినదొక్కటే కాదు, ఆ ఏడాది దానితో పోటీపడిన వాటినీ వెతకాలి. 1999లో ఇచ్చిన ఆస్కార్లే తీసుకోండి. ఇటలీ నుంచి వచ్చిన లైఫ్ ఈజ్ బ్యూటిఫుల్ గెలిచింది. ఓడినవాటిలో ఇరాన్ సినిమా చిల్డ్రన్ ఆఫ్ హెవెన్, బ్రెజిల్ సినిమా సెంట్రల్ స్టేషన్ ఉన్నాయి. మా ఇంట్లో ఓటింగ్ పెడితే ఈ రెండూ ఇటలీదాన్ని దాటేస్తాయి.

మజీద్ మజీదీ తీసిన చిల్డ్రన్ ఆఫ్ హెవెన్ (1997) కథంతా ఒక జత బూట్ల గురించి. అలీ అనే కుర్రాడు చెల్లెలి బూట్లు కుట్టించుకుని వస్తూ కూరగాయల కొట్టు దగ్గర పోగొడతాడు. ఇంట్లో అద్దె బాకీ ఉంది, తల్లికి ఒంట్లో బాగోదు. నాన్నకి చెప్పకుండా అన్నాచెల్లెళ్లిద్దరూ అలీ బూట్లనే వంతులవారీగా వాడుకుంటారు. పొద్దుట జహ్రా తొడుక్కుని బడికెళుతుంది. బడి వదలగానే సందుల్లోంచి పరిగెత్తుకొచ్చి అన్నకి ఇస్తే, వాడు మధ్యాహ్నం బడికి పరుగు. ఇది మొదలైన కాసేపటికే మా అమ్మ విసుక్కుంది: "అయ్యకి సెప్పేస్తే అయిపోను గదేటే!" మళ్లీ తనే, "సెప్తే మాత్రం ఆడు ఎక్కణ్ణుంచి తెస్తాడులే" అంది. సినిమా అంతా ఆ రెండు మాటల మధ్యే నడుస్తుంది. చివర ఒక పరుగుపందెం. మూడో బహుమతి బూట్లు. అందరూ ఫస్టు రావాలని పరిగెడుతుంటే వీడు థర్డ్ రావాలని పరిగెడతాడు. ఏమైందో చెప్పను. గెలిచినవాడి ముఖం చూసి ఏడవడం మాత్రం అదే మొదటిసారి.

చాలా చూశాక నాకు తేలిన లెక్క ఒకటి ఉంది. తెర మీద మనిషి బోరుమంటుంటే నాకు ఏడుపు రాదు. దాచుకుంటుంటే వస్తుంది. కొరియా సినిమా మిరకిల్ ఇన్ సెల్ నంబర్ 7 (2013) చూసి అందరూ కరిగిపోతారని పేరు. మా ఇంట్లో అమ్మ కరిగింది, నేను గడియారం చూసుకున్నాను. జైల్లో తండ్రి, చిన్న కూతురు, వెనక సంగీతం, మళ్లీ సంగీతం. ఏడవండి ఏడవండి అని భుజం తడుతున్నట్టే ఉంటుంది. అదే కొరియా నుంచి వచ్చిన ద వే హోమ్ (2002)లో ఆ భుజం తట్టడం లేదు.

ద వే హోమ్ దర్శకురాలు ఇ జోంగ్-హ్యాంగ్. సోల్ నుంచి ఒక పిల్లాడిని తల్లి పల్లెలో అమ్మమ్మ దగ్గర వదిలి వెళుతుంది. ముసలామెకి మాట రాదు, నడుము వంగిపోయింది. పిల్లాడికి చేతిలో ఆడుకునే వీడియో గేముకి బ్యాటరీలూ, కెంటకీ చికెనూ కావాలి. కోడి అన్న మాట మాత్రం అర్థమై, ఆమె వానలో వెళ్లి కోడిని తెచ్చి ఉడకబెట్టి పెడుతుంది. వాడు గిన్నె తోసేస్తాడు. ఆ అమ్మమ్మగా చేసిన కిమ్ ఉల్-బూన్ నటి కాదు, అంతకుముందు సినిమా అన్నదే చూడని పల్లెటూరి మనిషి. ఇది మా మేనల్లుడు హైదరాబాద్ నుంచి సెలవులకి వచ్చినప్పుడు పెట్టాను. వాడికి నా సబ్‌టైటిల్ అనువాదం అవసరం పడలేదు, మాటలే తక్కువ కదా. "అత్తా, ఆ మామ్మ వాణ్ణి ఎందుకు తిట్టట్లేదు?" అని ఒక్కసారి అడిగాడు, అంతే. పిల్లలతో మొదలుపెట్టేవాళ్లకి దీనికి మించినది నేను చూడలేదు.

సెంట్రల్ స్టేషన్ (1998) సంగతి వేరు, అది అమ్మ సినిమా. వాల్టర్ సాలెస్ దర్శకుడు. డోరా అనే రిటైర్డ్ టీచరు రియో రైల్వే స్టేషన్‌లో బల్ల వేసుకుని చదువురానివాళ్లకి ఉత్తరాలు రాసిపెడుతుంది. డబ్బులు తీసుకుంటుంది, చాలా ఉత్తరాలు పోస్టు చెయ్యదు. మా అమ్మ పెళ్లయిన కొత్తలో మా ఊళ్లో చదువొచ్చిన కొద్దిమంది ఆడవాళ్లలో ఒకరు. పనుల కోసం చెన్నై, ఖరగ్‌పూర్ పోయిన మగవాళ్లకి వాళ్ల భార్యలు చెబుతుంటే ఇన్‌లాండ్ కవర్ల మీద రాసిపెట్టేది. అందుకే డోరా ఉత్తరాలు చించేస్తుంటే అమ్మ సినిమా ఆపించేసింది. "రాయించుకుని పోస్టు సెయ్యదేటి? అది ఆడదేనా?" ఆ కోపం చల్లారాకే మిగతాది చూశాం. తల్లిని పోగొట్టుకున్న జోసూయే అనే కుర్రాడితో డోరా అతని తండ్రి కోసం బస్సుల్లో, లారీల్లో ఈశాన్య బ్రెజిల్‌కి వెళుతుంది. ఫెర్నాండా మోంటెనెగ్రో ముఖంలో ఆ టీచరమ్మ కొంచెం కొంచెం మెత్తబడటం ఎక్కడ మొదలైందో నాకు మూడోసారి చూసినా పట్టుబడలేదు. చివర ఆమె ఒక ఉత్తరం రాస్తుంది, ఈసారి తన కోసం. అక్కడ అమ్మ ఏమీ అనలేదు. వారం తర్వాత, ఉత్తరాలు రాయించుకున్న వాళ్లలో ఎవరెవరు తిరిగొచ్చారో, ఎవరు రాలేదో వంటింట్లో నాకు వరసగా చెప్పింది.

జపాన్ దర్శకుడు ఓజూ తీసిన టోక్యో స్టోరీ (1953) గురించి ముందే హెచ్చరిస్తాను, మొదటి ముప్పావుగంట నిద్ర ముంచుకొస్తుంది. ఓపిక పట్టండి. ఒనోమిచి నుంచి ముసలి తల్లిదండ్రులు టోక్యోలో పిల్లల్ని చూడ్డానికి వెళతారు. పిల్లలు చెడ్డవాళ్లు కారు, తీరిక లేదు. యుద్ధంలో పోయిన కొడుకు భార్య నోరికో ఒక్కర్తే సెలవు పెట్టి తిప్పుతుంది. కెమెరా చాప మీద కూర్చున్న మనిషి కళ్ల ఎత్తులో ఉంటుంది. మేమూ చాప మీదే కూర్చున్నాం కాబట్టి కాస్త ఎక్కువే తగిలింది. ఆమదాలవలసలో రైలెక్కి హైదరాబాద్ కొడుకింటికి వెళ్లి, అనుకున్నదానికంటే ముందే తిరిగొచ్చే పెద్దవాళ్లు మా వీధిలో ఉన్నారు. ఈ సినిమా వాళ్లకి చూపించాలో వద్దో ఇప్పటికీ తేల్చుకోలేదు.

గ్రేవ్ ఆఫ్ ది ఫైర్‌ఫ్లైస్ (1988) బొమ్మల సినిమా కదా అని చిన్నపిల్లల్ని కూర్చోబెట్టకండి. 1945లో జపాన్‌లోని కోబే నగరం మీద బాంబులు పడ్డాక సెయిటా, నాలుగేళ్ల చెల్లెలు సెట్సుకో ఎలా బతికారన్నది కథ. అన్న చనిపోయాడని మొదటి సీన్‌లోనే చెప్పేస్తారు. ఏమవుతుందోనన్న టెన్షన్ ఉండదు, తెలిసీ చూడాలి. జపాన్‌లో దీన్నీ, పిల్లల సరదా బొమ్మల సినిమా మై నైబర్ టొటొరోనీ జంటగా విడుదల చేశారట. ఏది రెండోది చూసి ఇంటికెళ్లారన్నదాన్ని బట్టి ఆ పిల్లల రాత్రి గడిచి ఉంటుంది. ఇది నేను ఒక్కసారే చూశాను, చాలు. ఫ్రెంచ్ సినిమా ఆమూర్ (2012) కూడా అంతే. పక్షవాతం వచ్చిన భార్యకి సేవచేసే ముసలి భర్త కథ. గొప్ప సినిమా. ఇంట్లో పెద్దవాళ్లుంటే మాత్రం హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ఒంటరిగా చూడండి.

ఇక వాడకం సంగతులు. సినిమా పేరుతో పాటు సంవత్సరం, దర్శకుడి పేరు కొట్టి వెతకండి, లేకపోతే రీమేకులు తగులుతాయి. సెల్ నంబర్ 7కి టర్కీలోనూ ఒకటి ఉంది. ఓటీటీల్లో ఇవాళ ఉన్నది వచ్చే నెల ఉండదు, కనబడ్డప్పుడే చూసెయ్యాలి. ఇంగ్లిష్ డబ్బింగ్ జోలికి వెళ్లకండి. టెహ్రాన్ పిల్లాడు అమెరికా యాసలో మాట్లాడితే కథ సగం పోతుంది. సెట్టింగ్స్‌లో సబ్‌టైటిల్ అక్షరాలు పెద్దవి చేసి పసుపు రంగు పెడితే పెద్దవాళ్లకి సుఖం. చదివి వినిపించేవాళ్లు ప్రతి మాటా చెప్పక్కర్లేదు, ముఖాలు చూడనివ్వాలి. రాత్రి పడుకోబోయే ముందు మాత్రం వద్దు. మధ్యాహ్నం పెట్టుకుంటే సాయంత్రం టీ వేళకి మనుషుల్లో పడతారు.