పుట్టీనా, విండోస్‌లో ఉన్న ఎస్‌ఎస్‌హెచ్చా?

అమీర్‌పేటలో లినక్స్ నేర్చుకుంటున్న పిల్లలు నన్ను పదే పదే అడిగేది ఇదే: "అన్నా, సర్వర్‌లోకి లాగిన్ అవ్వాలంటే పుట్టీ కావాలా, కమాండ్ ప్రాంప్ట్‌లో ఎస్‌ఎస్‌హెచ్ కొడితే సరిపోతుందా?" దూరంలో ఉన్న సర్వర్‌లోకి భద్రంగా లాగిన్ అయ్యే పద్ధతే ఎస్‌ఎస్‌హెచ్. ఆ పని చేసే ఉచిత ప్రోగ్రామ్ పుట్టీ. విండోస్‌లో ఉన్న ఎస్‌ఎస్‌హెచ్ కమాండ్ పేరు ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్.

పోయిన వారం ఒక తమ్ముడి ల్యాప్‌టాప్‌లో పుట్టీ తెరిచి అబౌట్ నొక్కాను. 0.70. అంటే 2017 నాటిది. కోచింగ్‌లో పెన్‌డ్రైవ్‌లో ఇచ్చారట. దాంతోనే రోజూ ఆఫీసు సర్వర్లలోకి వెళ్తున్నాడు.

నాకు టెన్షన్ పట్టుకుంది. ఆ వెర్షన్‌లో సీవీఈ-2019-9894 అనే మెమరీ లోపం ఉంది (సీవీఈ అంటే బయటపడ్డ భద్రతా లోపాలకి ఇచ్చే నంబరు). కనెక్ట్ అయ్యేటప్పుడు రెండు వైపులా రహస్య కీ కుదుర్చుకునే ఆర్‌ఎస్‌ఏ కీ ఎక్స్‌ఛేంజ్‌లో అవతలివైపు మరీ చిన్న కీ పంపితే, పుట్టీ దాని సైజు చూసుకోకుండా లెక్క వేసి, రాయకూడని చోట మెమరీలో రాసేస్తుంది. అసలు భయం ఏంటంటే, ఇదంతా హోస్ట్ కీ, అంటే సర్వర్ అసలుదేనని చూపే గుర్తింపు, సరిచూడకముందే జరిగిపోతుంది. మీరు వెళ్తున్నది మీ సొంత సర్వర్‌కే అయినా సరే, హాస్టల్ వైఫైలో ఎవడో మధ్యలో దూరి ఆ సర్వర్‌లా నటిస్తే చాలు. 2019 మార్చిలో 0.71తో దీన్ని సరిచేశారు. యూరోపియన్ యూనియన్ డబ్బిచ్చిన బగ్ బౌంటీలో (లోపాలు పట్టినవాళ్లకి బహుమతిచ్చే పథకం) దొరికిందని పుట్టీవాళ్లే బాహాటంగా రాశారు. ఆ నిజాయితీ అంటే నాకు చాలా గౌరవం.

కానీ ఆ రిపేరు ఈ ల్యాప్‌టాప్ దాకా రాలేదు. ఇలా విడిగా తెచ్చుకున్న పుట్టీ తనంతట తాను అప్‌డేట్ అవ్వదు. నా లెక్కలో తేల్చేది ఇదొక్కటే. ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ కూడా సీ భాషలో రాసిందే, దానికీ లోపాలు వస్తాయి. అయితే 2018 నుంచి విండోస్ 10తో పాటే వస్తున్న ఆ క్లయింట్‌కి రిపేర్లు విండోస్ అప్‌డేట్‌తోనే అందుతాయి. మనం గుర్తు పెట్టుకోనక్కర్లేదు.

స్విచ్‌లకి కన్సోల్ కేబుల్ పెట్టే నెట్‌వర్క్ వాళ్లకి మాత్రం సీరియల్ పోర్ట్ కోసం పుట్టీ కావాలి. కొత్తది దించుకోండి. 0.68 నుంచి 0.80 దాకా ఏ పుట్టీనైనా 521 బిట్ల ఈసీడీఎస్‌ఏ కీతో (లాగిన్‌కి వాడే ఒక రకం కీ) వాడి ఉంటే అప్‌డేట్ ఒక్కటే చాలదు, ఆ కీనే మార్చాలి. ఆ కీతో పుట్టీ చేసిన డిజిటల్ సంతకాలు సుమారు 60 దాడి చేసేవాడికి దొరికితే, మీ రహస్య ప్రైవేట్ కీ బయటపడిపోతుంది.

కిట్టీ అనే ఇంకో ప్రోగ్రామ్ పుట్టీలోంచి పుట్టిందే, కొత్తవాళ్లకి వాడమని నేను చెప్పను. సర్వర్‌లోని ప్రోగ్రామ్‌ల గ్రాఫిక్ విండోలు కావాలంటే మొబాఎక్స్‌టర్మ్ అనే ప్రోగ్రామ్ ఉంది.

ఆ తమ్ముడి పీపీకే ఫైల్‌ని (పుట్టీ కీ దాచే ఫైల్) పుట్టీతో వచ్చే కీ టూల్ పుట్టీజెన్ కొత్త వెర్షన్‌తో ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ కీగా మార్చి, ఎస్‌ఎస్‌హెచ్ కమాండ్‌తో లాగిన్ చేయించాను. పాత పుట్టీని ల్యాప్‌టాప్‌లోంచి, పెన్‌డ్రైవ్‌లోంచి అతనే డిలీట్ చేశాడు.